పంచిన మాత్రలు

రేపల్లె అవతల మురుగుకాలవ గట్టున ఉన్న యానాదుల గూడెంలో ఒకరు ఎలుకలు పట్టుకొస్తే అన్ని గుడిసెల్లోనూ పొయ్యి వెలిగేది. ఎవరికి దొరికినా అందరికీ వాటా. అందుకే తెనాలి ఆసుపత్రిలో పోలయ్యకు క్షయకని ఇచ్చిన మాత్రలను అతని భార్య చెంచమ్మ గూడెంలో దగ్గేవాళ్ళందరికీ పంచింది. పక్క గుడిసెలో మరిది దగ్గుతుంటే తన మొగుడొక్కడికే మందు ఎలా పెడుతుంది?

ఏడాది తిరిగేసరికి పోలయ్య మళ్ళీ రక్తం కక్కాడు. చెంచమ్మ అతన్ని రైలెక్కించి మళ్ళీ తెనాలి తీసుకొచ్చింది. గౌరీశంకరం డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో చూశాడు. మాత్రలేమయ్యాయో ఆరా తీసి తల పట్టుకున్నాడు.

"అరకొరగా మింగితే క్షయ చావదమ్మా, మందుకే రాటుదేలుతుంది. ఇక ఆ మాత్రలు ఇతని మీద పనిచెయ్యవు. కొత్త మందు గుంటూరు నుంచి తెప్పించాలి."

"తెప్పించండి బాబూ."

"నీ చేతికిస్తే మళ్ళీ పంచేస్తావు. అదీ పనికిరాకపోతే ఇంకేం ఇవ్వను? నావల్ల కాదు."

కాంపౌండరు బ్రహ్మానందం పక్కనుంచి నవ్వాడు. "వీళ్ళకి మందెందుకండి? పందికొక్కును కాల్చి పెడితే లేచి కూర్చుంటారు."

చెంచమ్మ ఒళ్ళు భగ్గుమంది. మొగుణ్ణి తన చేత్తోనే చంపుకుంటున్నానేమోనన్న భయం ఒక పక్క పీకుతూనే ఉంది. అయినా తల దించలేదు.

"పంచాను బాబూ, తప్పే. కానీ మీ గూడెంలో ఇంకా ఎవరైనా దగ్గుతున్నారా అని ఆ రోజు మీరు అడిగారా?"

చెంచమ్మ పోలయ్యను వరండాలో పడుకోబెట్టి, మందు ఇచ్చేదాకా కదలొద్దని చెప్పి, రేపల్లె రైలెక్కింది.

మర్నాడు దగ్గేవాళ్ళందరినీ వెంటబెట్టుకుని తెనాలిలో దిగింది. మరిది, ముసలి అత్త, చంటిబిడ్డల తల్లులు. రైల్లో జనం ముక్కులు మూసుకుని జరిగితే, "జరిగారుగా, కాళ్ళు చాపుకోండర్రా" అని తన వాళ్ళకు చెప్పింది.

ఆసుపత్రి గుమ్మంలో బ్రహ్మానందం చేతులు అడ్డం పెట్టాడు. "ఏంటే ఇది, తిరనాళ్ళా?"

"తిరనాళ్ళే అన్నా. చీటీలు రాయి."

"పొండి పొండి! డాక్టరుగారు చూడరు."

"అయితే మా అత్తను నీ కుర్చీలో కూర్చోబెడతాను. ఆయన చూసిందాకా అక్కడే దగ్గుతుంది."

ముసలమ్మ నిజంగానే కుర్చీ వైపు నడిచింది. బ్రహ్మానందం పక్కకు గెంతాడు. ఆ అల్లరికి డాక్టరు బయటికొచ్చాడు.

"నేను పంచింది వీళ్ళకే బాబూ," అంది చెంచమ్మ. "ఎవరి మందు వాళ్ళకిస్తే ఇక పంచే పనేముంది? వీళ్ళను వదిలేసి మా ఆయనొక్కడికే ఇచ్చారా, మళ్ళీ పంచుతాను. ముందే చెబుతున్నాను."

డాక్టరు వరండా అంతా ఒకసారి కలియజూశాడు.

"బ్రహ్మానందం, పరీక్షకు కళ్ళె పట్టడానికి డబ్బాలు తే. అందరికీ," అన్నాడు. తర్వాత చెంచమ్మ వైపు తిరిగాడు. "కొత్త మందుకి గుంటూరు రాస్తాను. వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఇంటికెళ్ళి మళ్ళీ రండి."

"రాయండి బాబూ. వచ్చేదాకా మేం ఇక్కడే ఉంటాం."

చెంచమ్మ పోలయ్య పక్కన చాప పరిచింది. మిగిలినవాళ్ళూ పరిచారు.