డ్రైవరు నిద్ర

బస్సు డ్రైవరుకు డాక్టర్లంటే భయం లేదు, డ్యూటీ పోతుందంటేనే భయం. అందుకే డిపో డాక్టరు గడప తొక్కకుండా, బావమరిది చెప్పిన ప్రైవేటు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"ఆవిడ హడావిడి పెట్టదు బావా. కూర్చోబెట్టి అడుగుతుంది, చెప్పింది వింటుంది. నీ మాట ఆ గది దాటి బయటికి పోదు" అన్నాడు బావమరిది. ఆ చివరి మాటే డ్రైవరును ఇక్కడిదాకా లాక్కొచ్చింది.

డాక్టరు తను ఉండే ఇంటినే ఆసుపత్రిగా మార్చుకున్నట్టుంది. ముందుగదిలో నర్సు అతని వయసు, వాడే మందులు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అన్న సంగతి అడిగి రాసుకుంది. చెప్పులు విప్పించి బరువు చూసింది. బీపీ చూసి కనుబొమలు ఎగరేసింది. వెళ్లి కూర్చోమంది. కూర్చోవడమే తరువాయి, అతనికి కునుకు పట్టేసింది. గురక గదంతా మోగింది. ఎదురుగా చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

వెంట వచ్చిన భార్య మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "ఏవండీ, పరువు తీయకండి. ఇంట్లో నేను వింటున్నది చాలదా?"

"నిద్రపోలేదే. ఊరికే కళ్లు మూసుకున్నా."

"కళ్లు మూసుకుంటే ముక్కు మోగుతుందా?"

అతనికి నవ్వు రాలేదు. ఈమధ్య దేనికీ రావడం లేదు. రాత్రంతా పడుకున్నా, పొద్దున లేచేసరికి ఎవరో పట్టుకుని చితక్కొట్టినట్టుంటుంది ఒళ్లు.

లోపలికి పిలిచారు. డాక్టరు తల నెరిసిన మనిషి, గొంతు మెత్తన. ఏమిటి ఇబ్బందని అడిగిందో లేదో భార్య అందుకుంది. నీరసమంది, చిరాకంది, అన్నం ముందు కూర్చునే తూగుతున్నాడంది. డాక్టరు అడ్డురాకుండా విని, "మీతో మళ్లీ మాట్లాడతానమ్మా. ముందు ఆయన్ని కాస్త చెప్పనివ్వండి. బయట కూర్చుంటారా?" అంది.

తలుపు మూసుకుంది. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో నిలబెట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"బస్సు నడిపేటప్పుడు ఎప్పుడైనా కునుకు పట్టిందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని పలకడానికి కూడా ఓపిక లేకపోయింది.

"పట్టిందండీ" అన్నాడు. "మొన్నీమధ్యే, వంతెన మీద. మధ్యాహ్నం పూట. బస్సు నిండా జనం. చక్రం గట్టుకు రాసుకున్న చప్పుడుకి కళ్లు తెరిచాను. ఏంటన్నా, గుంటా అని ముందు సీటాయన అడిగితే, ఆ, గుంటే అన్నాను. ఒక ముసలావిడ దిగుతూ దిగుతూ, చల్లగా ఉండు నాయనా అందండీ. ఆ మాట గుర్తొస్తే ముద్ద దిగడం లేదు."

డాక్టరు ఊరడించనూ లేదు, కోప్పడనూ లేదు. లేచి టార్చి వేసి గొంతు చూసింది. గుండె చప్పుడు వింది. దర్జీలాగా టేపు తీసి మెడ చుట్టు కొలిచింది.

"సగం సంగతి అర్థమైంది. మిగతా సగం మీ పక్కన పడుకునే మనిషికే తెలియాలి. పిలవనా?"

"బస్సు మాట దానికి తెలీదండీ."

"మీరు చెప్పమంటే తప్ప నేను చెప్పను."

భార్య వచ్చి కూర్చుంది. "నిద్రలో ఆయన ఊపిరి ఆగుతుందా అమ్మా?" అని అడిగింది డాక్టరు. ఆమె మొహంలో హాస్యమంతా ఎగిరిపోయింది.

"ఆగుతుందండీ. గురక ఆగితే చాలు నాకు మెలకువ వచ్చేస్తుంది. మళ్లీ ఊపిరి తీసుకునేదాకా అలా చూస్తూ కూర్చుంటాను. మరీ ఆలస్యమైతే భుజం పట్టి కుదుపుతాను."

"ఎన్నాళ్లనుంచే?" అన్నాడు డ్రైవరు.

"మన చిన్నమ్మాయి పెళ్లికి ముందునుంచే."

"నాకు చెప్పొద్దూ?"

"చెప్తే స్టీరింగు ముందు కూర్చుని దాని గురించే ఆలోచిస్తారని."

అతను భార్య మొహంలోకి చూశాడు. కళ్ల కింద నలుపు వయసు వల్లనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇక దాచబుద్ధి కాలేదు. వంతెన సంగతంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. అతని మోకాలి మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచేసింది.

"నిద్రలో గొంతు వదులై గాలి దారి మూసుకుపోతోందని నా అనుమానం" అంది డాక్టరు. "అలా అయినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడి లేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను, రాత్రి నిద్రలోనే పరీక్ష చేస్తారు. అదే అయితే ముక్కుకు తగిలించుకునే మిషను ఉంది, గాలి ఊదుతూ దారి మూసుకోనివ్వదు. కానీ ఇది కుదుటపడేదాకా బస్సు ముట్టుకోకూడదు."

"డిపోలో మీరు చెప్పేస్తారా?"

"మీరే చెప్పుకుంటే మంచిది. చెప్పనంటే నేను ఊరుకోలేను, జనం ప్రాణాలతో పని. అప్పుడు కూడా ముందు మీకు చెప్పే చేస్తాను."

మాట గది దాటదన్న బావమరిది మీద కోపం రాబోయింది. కోపానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలిగా, వచ్చిన దారినే పోయింది. "నేనే చెప్తాను లెండి" అన్నాడు.

డిపోకి బస్సులోనే వెళ్లారు, వెనక సీట్లో పక్కపక్కన. కండక్టరు వచ్చి, "అన్నా, వదినా, డిపో వచ్చింది" అని ఇద్దర్నీ తట్టి లేపాల్సి వచ్చింది.

డిపో మేనేజరు విని తల పట్టుకున్నాడు. మనుషులు చాలక చస్తుంటే నువ్వొకడివా అన్నాడు. ఇన్నాళ్లూ ఏం చేశావన్నాడు. అరిచి అరిచి అలిసిపోయి, చివరికి షెడ్డులో టైర్లు చూసే పని అప్పగించాడు.

పరీక్షలో డాక్టరు అన్నదే తేలింది. మిషను పెట్టుకున్న కొత్తలో ఊపిరి సలపక పీకి పారేసేవాడు. భార్య మళ్లీ తగిలించేది. ఒక తెల్లవారుజామున తనంతట తనకే మెలకువ వచ్చింది. తల దిమ్ము లేదు. పక్కన ఆమె నోరు కొంచెం తెరుచుకుని ఒళ్లెరగకుండా పడుకుని ఉంది. టీ పెట్టుకుంటే గిన్నె చప్పుడవుతుందని, తాగకుండానే తలుపు దగ్గరగా వేసి షెడ్డుకు వెళ్లిపోయాడు.