వెనక సీటు మీద ఇరవై రెండు కట్టలు

చెవి ఖాళీగా ఉంటే మనిషికి ఎంత వెలితిగా ఉంటుందో బైండరుకి ఆ ఐదు వారాల్లో తెలిసొచ్చింది.

ఆయనకీ ఆయన భార్యకీ ఒకే ప్రెస్సులో పని. అచ్చయి వచ్చిన పుస్తకాల ఫారాలు మడిచి ఆవిడ సూదీ దారంతో కుడుతుంది, ఆయన వాటికి అట్టలు వేసి బైండు చేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఒకే మోటారుసైకిలు మీద పోవడం, దాని మీదే రావడం. పనిలో ఉండగా యంత్రాల రొదకి మాట వినపడి చావదు. ఇంటికొస్తే ఆవిడకి వంట, ఆయనకి కునుకు. మరి మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది ఎప్పుడయ్యా అంటే, బండి మీద ఆ ఇరవై నిమిషాలే. ఆవిడ ముందుకి వంగి, ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి, లోకంలో జరిగినవీ జరగబోయేవీ అన్నీ చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు. ఏది వింటూ కొట్టిన ఊఁయో, ఏది పరధ్యానంగా కొట్టిన ఊఁయో ఆవిడ ఇట్టే పట్టేసేది.

పొద్దు కురచయ్యే రోజులు వచ్చాయి. ప్రెస్సు మూసేసరికే చీకటి, బండి ముందు దీపమేమో గుడ్డిది. ఒక సాయంత్రం ఆవిడ తోడికోడలి గురించి ఏదో మంచి రంజుగా చెబుతోంది. "అప్పుడు నేను ఆ మహాతల్లి పెట్టె తెరిచి చూద్దును కదా..." అనేంతలో బండి వెళ్లి రోడ్డు వారన పోసిన కంకర కుప్ప ఎక్కేసింది. ఇద్దరూ పడ్డారు. అదృష్టం కొద్దీ పెద్ద దెబ్బలేం కావు. ఆవిడ మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆయన పరువుకి ఎన్ని పడ్డాయో లెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సంచీ భుజాన వేసుకుని, "నేను బస్సులో వస్తానండీ," అంది. కోపంగా కాదు, మామూలుగా. కోపమైనా బాగుండేది, తీర్చే దారి ఆయనకి తెలుసు.

"బస్సెందుకు?"

"ఆ దీపానికి రోడ్డు కనపడటం లేదు. కనపడ్డాక చూద్దాం."

అంతే, అప్పట్నుంచీ బస్సు. ఆవిడ ఇల్లు చేరేసరికి ఆయన వచ్చి గంట దాటేది. ఆ పెట్టెలో ఏముందో ఆయనకి తెలియనే లేదు. భోజనం దగ్గర ఒకసారి అడిగాడు కూడా. "ఏముందిలెండి, ఏదో," అని ఆవిడ గిన్నెలు తీసుకుని లేచిపోయింది. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే వచ్చే కబుర్లు కావవి. ఆవిడని మళ్లీ బండి ఎక్కించుకోవాలి, ఆ చెవి మళ్లీ నిండాలి. ఆయనకి ఇంకో కోరికేం లేదు.

రెండు వారాలు చూసి, ఇక లాభం లేదని మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఆ మెకానిక్‌ని వీధి వీధంతా 'రేపు' అని పిలుస్తుంది. ఏ బండి ఎప్పుడిస్తావని అడిగినా అతని నోట వచ్చే మాట అదొక్కటే మరి. మనిషి పుల్లలా ఉంటాడు గానీ పని మాత్రం నిక్కచ్చి.

రేపు స్విచ్చి వేశాడు. బల్బు ఎర్రగా, నిద్ర తీరని కన్నులా తెరుచుకుంది. ఇంజను రేజు చేస్తే కాస్త వెలిగింది, వదిలేస్తే మళ్లీ మూతపడింది.

"దీన్ని దీపమంటావా బాబాయ్? మిణుగురు పురుగు నయం."

"తెల్ల ఎల్‌ఈడీ బల్బు తెచ్చాను, అది వేసెయ్యరా."

"బల్బు ఒక్కటే మారిస్తే సరిపోదు. ఈ పాత బండికి కరెంటు ఇంజన్నుంచి తిన్నగా దీపానికి వచ్చేస్తుంది, ఊగుతూ తూగుతూ. దాన్ని ముందు బ్యాటరీలోకి మళ్లించి, అక్కణ్నుంచి మందం వైరు లాగాలి. బల్బు వెనక మెరిసే గిన్నె కూడా తుప్పు పట్టింది. దీపం మొత్తం కొత్తది వేసేద్దాం."

"ఎప్పటికవుతుంది?" అడగకూడదని తెలిసీ అడిగాడు బైండరు.

"రేపు."

రేపంటే పదకొండు రోజులు. అన్నాళ్లూ ఆయనా బస్సే ఎక్కాడు గానీ, ఆవిడ ముందు ఆడవాళ్ల సీట్లలో, ఆయన వెనక ఫుట్‌బోర్డు మీద. అయితేనేం, పన్నెండో రోజు సాయంత్రం స్విచ్చి వేస్తే ఎదుటి గోడంతా పిండి ఆరబోసినట్టు వెలిగింది. ఆ గోడ మీద ఒక సుద్దగీత ఉంటుంది. రేపు బండెక్కి కూర్చుని, వెలుగు పై అంచు సరిగ్గా ఆ గీతకి ఆనేలా దీపాన్ని వంచి మరలు బిగించాడు. ఏ బండికైనా అతని పద్ధతి అదే.

బైండరు ఆనందం పట్టలేక మర్నాడు సాయంత్రం ప్రెస్సు గేటు దగ్గరే భార్యని బతిమాలి ఎక్కించుకున్నాడు. ఆవిడ వెనకాల కడ్డీ పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. బండి కదిలిందో లేదో, వెలుగు రోడ్డు వదిలేసి మేడలెక్కింది. రెండో అంతస్తులో బట్టలు తీస్తున్న పెద్దమనిషి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవడ్రా అది? మా ఇంట్లో ఏం పారేసుకున్నావు?" అని అరిచాడు. ఎదురుగా వచ్చే సైకిలువాడు కళ్లు మూసుకుని కాలువలోకి దిగబోయి తమాయించుకున్నాడు. ఆవిడ ఆయన భుజం తట్టింది.

"ఆపండి." దిగి చీర సర్దుకుంది. "దీపం బాగుందండీ. చుక్కలు కూడా కనపడతాయి." అని బస్సుస్టాపు వైపు నడిచిపోయింది.

సంగతి వినగానే రేపు నెత్తి కొట్టుకున్నాడు. "నా బుద్ధి గడ్డి తిన్నది బాబాయ్! నేను ఒక్కణ్నే కూర్చుని బిగించాను. వెనక పిన్ని కూర్చుంటే వెనక భాగం దిగుతుంది, ముందు దీపం పైకి లేస్తుంది. ఒక్కసారి పిన్నిని తీసుకురా, కూర్చోబెట్టి బిగిస్తాను."

"దీపం సరయితేగానీ ఎక్కనంటుందిరా."

"ఎక్కితేగానీ దీపం సరికాదే!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, వాళ్లింట్లోనూ ఇలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది.

"పోనీ, పిన్ని బరువెంతో చెప్పు. అంత బరువు వెనక పెట్టి బిగిద్దాం."

"ఆ ప్రశ్న అడిగే మొగుణ్నయితే ఇరవై ఆరేళ్లు కాపురం చేసేవాణ్నా?"

కానీ ఆ మాట ఆయన బుర్రలో తిరుగుతూనే ఉంది. సెలవురోజు మధ్యాహ్నం ప్రెస్సు మేనేజరుని అడిగి, కాగితం కట్టలు బండెడు వేయించుకుని మెకానిక్ షెడ్డుకి వచ్చాడు. ఒక్కో కట్ట రెండున్నర కిలోలు. బండెక్కి కళ్లు మూసుకుని, "ఒక్కోటీ పెట్టు, నేను చెప్తాను," అన్నాడు.

రేపు పేర్చడం మొదలుపెట్టాడు. పది, పదిహేను, ఇరవై. "ఇంకోటి." ఇరవై ఒకటి. "ఇంకొక్కటి." ఇరవై రెండో కట్ట పడగానే బండి వెనక భాగం తనకి అలవాటైన చోటికి దిగింది. అది ఆయన నడుముకి తెలిసిపోయింది. కళ్లు తెరవకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. వెనక ఆవిడే ఉన్నట్టుంది, చెవిలో మాట మాత్రం లేదు. ఉన్నట్టుండి ఆయనకి ఆవిడ మీద చెప్పలేనంత బెంగ వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ పెళ్లాం మీద బెంగేమిట్రా అని తనని తానే తిట్టుకున్నాడు.

రేపు కట్టల్ని తాడుతో బిగిస్తూ, "పిన్ని ముందుకి కూర్చుంటుందా, వెనక్కా? జానెడు తేడా వచ్చినా వెలుగు గీత తప్పుతుంది," అన్నాడు.

"మాట్లాడేటప్పుడు ముందుకి వంగుతుంది. మాట్లాడకపోతే వెనక కడ్డీకి ఆనుకుంటుంది."

"మరి ఎటు లెక్కన బిగించమంటావు?"

బైండరు కట్టల మీద చెయ్యి వేశాడు. మొన్న కడ్డీ పట్టుకుని బిగుసుకున్న మనిషి గుర్తొచ్చింది.

"ముందుకే జరుపు," అన్నాడు చివరికి.

"ఆలోచించుకో బాబాయ్, మళ్లీ మేడలెక్కుతుంది."

"ముందుకే జరపరా."

మర్నాడు పొద్దున, యంత్రాలు ఇంకా మొదలుకాకముందే, ప్రెస్సులో ఫారాలు కుడుతున్న ఆవిడ కళ్లు వెనక్కి వచ్చిన కట్టల మీద పడ్డాయి. కాగితం మీద గోరు గీత పడినా పట్టే కళ్లవి. "వీటికి తాడు నొక్కులేమిటండీ?" అని అడిగింది. ఆయనకి అబద్ధం చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"హవ్వ! నా చోట్లో కాగితాలు కూర్చోబెట్టారా? అదీ ఆ రేపు ముందు! ఎన్నేమిటి?"

"ఇరవై రెండు."

ఆవిడ పెదవులు కదిపి లెక్క కట్టుకుంది. పళ్ల మధ్య దారం పెట్టి నవ్వు ఆపుకుంది. "తూకం వేసినట్టే చెప్పారే," అంది. ఆ తర్వాత సూది పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "తప్పు దీపానిది కాదులెండి. నా సోది వింటూ కదా మీరు కుప్ప చూసుకోలేదు. అందుకే దూరంగా ఉన్నాను. నోరు ఊరుకోదుగా నాకు."

బైండరు నిలువునా నీరైపోయాడు. "ఐదు వారాలు బస్సులో వేలాడింది ఇందుకా? పిచ్చిదానా, నీ మాటలు వినబట్టే కదా ఇన్నేళ్లూ ఆ రోడ్డు మీద నిద్రపోకుండా బండి నడిపాను!"

ఆవిడ మళ్లీ సూది అందుకుంది. సూదిలో దారం ఎక్కించుకుంది. సాయంత్రం బెల్లు కొట్టాక మాత్రం బస్సుస్టాపుకి పోకుండా గేటు దగ్గర నిలబడింది.

ఎక్కింది గానీ, కడ్డీకి ఆనుకునే కూర్చుంది. వెలుగు కొంచెం పైకే పోయి, కొట్ల బోర్డుల అడుగు అంచుల్ని రాసుకుంటూ నడిచింది. బైండరుకి కారణం తెలుసు. నెమ్మదిగా పోనిచ్చాడు. బజారు దాటింది. కంకర కుప్ప ఉన్న చోటూ వచ్చింది. ఇప్పుడక్కడ కుప్ప లేదు, నున్నటి కొత్త రోడ్డు ఉంది. అది కూడా దాటారు.

అప్పుడు వెలుగు మెల్లగా దిగింది. బోర్డులు వదిలి, గోడలు వదిలి, చక్రం ముందు నుంచి మలుపు దాకా రోడ్డంతా పరుచుకుంది. ఆయన మరనూ ముట్టుకోలేదు, స్విచ్చీ ముట్టుకోలేదు.

"ఊఁ," అన్నాడు బైండరు.

"ఇంకా నోరు తెరవందే ఊఁ ఏమిటండీ?" అంది ఆవిడ, ఆయన కుడి చెవిలో. "ఇంతకీ ఆ రోజు ఎక్కడ ఆపాను? ఆఁ, పెట్టె తెరిచి చూద్దును కదా..."