ఎడమ చెవి వాళ్ళ నాన్న

పోయిన నా భార్య గొంతు ఊళ్ళో ప్రతి గడపకీ వెళుతుంది. నా గడపకి మాత్రం రాదు. ఇది అన్యాయం. దీని మీద వాదన అక్కర్లేదు.

ఆమె పేరు సింహాలమ్మ. మా బూరుగువలస బడిలో ఆయా. మా ఊరు కొండల మధ్య పళ్ళెంలా ఉంటుంది. చలికాలం మంచు దిగిందంటే ఫోన్లు పలకవు. రేపు బడి ఆలస్యంగా తెరుస్తారని, పరీక్షలు వెనక్కి జరిపారని, స్వెట్టర్లు వచ్చాయని మండలం నుంచి బడికి కబుర్లు వస్తూనే ఉంటాయి. వాటిని ఇంటింటికీ మోసుకెళ్ళడం సింహాలమ్మ పని. ఆమె చెప్పడం అవగానే ప్రతి గడపలోనూ ఒకటే మాట. "నీ నోరు సల్లగుండ, సింహాలమ్మా."

అందరూ అన్నేళ్ళు దీవిస్తే ఏ నోరైనా చల్లబడుతుంది. చల్లగా ఉన్న వస్తువు చెడిపోదు. అందుకే కార్తీకంలో మనిషి పోయినా నోరు పోలేదు. చితి మీద అంతా కాలింది. నోరున్న చోట మాత్రం కట్టె అంటుకోలేదు. హెడ్మాస్టరు దాలినాయుడు స్టీలు కేరేజీ తెచ్చి, ఆ నోట్లో మిగిలిన గొంతును అందులో పెట్టి మూత బిగించాడు.

"ఎక్కడికి పట్టుకెళతన్నారు?" అని అడిగాను.

"బడికి. ఆర్డరు గొంతుకిచ్చినారు, మనిషికి కాదు. మనిషి దిగిపోయింది. గొంతుకి ఇంకా సర్వీసుంది."

ఆ మాట అని కేరేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దున్నే మంచు దిగాక గొంతు బడిలోంచి బయల్దేరుతుంది. గుమ్మడికాయంత మంచుముద్ద. చుట్టూ ఉన్న మంచు కన్నా తెలుపు. నేలకి జానెడెత్తున నడుస్తుంది. గడప దగ్గర ఆగితే ఇంటివాళ్ళు లోపలికి పిలిచి కుంపటి ముందు పీట వేస్తారు. వెచ్చబడే కొద్దీ అది కరుగుతుంది. కరిగే కొద్దీ మాట్లాడుతుంది. కబురు అయిపోయేసరికి పీట మీద కాసిని నీళ్ళు మిగులుతాయి. గుడ్డతో తుడిచేస్తారు. అప్పటికే పక్క గడపలో ఇంకో ముద్ద నిలబడి ఉంటుంది.

ఎదురింటి తవిటినాయుడు ఇంట్లో నేను కళ్ళారా చూస్తున్నాను. గొంతు పీట మీద ఉంది. అతను టీ తాగుతూ వింటున్నాడు. భార్య పైడమ్మ పిల్ల జడ అల్లుతూ వింటోంది. సింహాలమ్మ గొంతు ఎంత వెచ్చగా ఉందంటే వాళ్ళ మొహాలు ఎర్రబడుతున్నాయి. నేను గడపలో కాలు పెడతాను. గొంతు ఠక్కున ఆగి మళ్ళీ గడ్డకడుతుంది.

"పారినాయుడన్నా, నువ్వు బైట నిలబడు. పిల్లల సంగతులు సెప్తంది" అంటాడు తవిటినాయుడు.

"అది నా పెళ్ళాం."

"ఎవులు కాదన్నారు? పెళ్ళాం నీదే. కబురు మాది."

పైడమ్మ జాలిపడుతుంది. "పోనీ పాపం, ఒక్క మాట ఇననీ."

"ఆయన ఇంటే ఆ మాట ఆయనకే పోద్ది. మన పిల్లకి పరీచ్చెప్పుడో నీకెలగ తెలుస్తాది?"

నేను బయట నిలబడతాను. మాటల మధ్య ఆమె చిన్నగా దగ్గుతోంది. ఆ దగ్గు బడిది కాదు. నా ఇంటిది. నా పొయ్యి పొగకి వచ్చిన దగ్గు. దాన్ని కూడా వాళ్ళే వింటున్నారు, టీ తాగుతూ.

బతికున్నప్పుడూ ఇంతే. ఊరందరికీ చెప్పి చెప్పి ఆమె ఇల్లు చేరేసరికి గొంతు ఒట్టిపోయేది. నాకు సైగలు మిగిలేవి. అన్నం కావాలా అంటే చేతులు తిప్పేది. నిద్రొస్తోందంటే చెంప కింద అరచెయ్యి పెట్టేది. చలికాలం పొడుగునా నాకు దక్కిన కాపురం ఆ రెండు చేతులే. ఆఖరి రోజు రేపు సెలవని అందరికీ చెప్పి వచ్చి అరుగు మీద కూర్చుంది. నా వంక చూసింది. నోరు తెరిచి "మా" అంది. గొంతు అక్కడితో అయిపోయింది. మనిషీ అయిపోయింది.

ఆమె నన్ను మావా అని పిలుస్తుంది. మావా అన్నాక ఏదో చెప్పబోయింది. ఆ మాట నాకు రావాలి. ఊరికి కాదు, బడికి కాదు, నాకు.

నేను బడికి వెళతాను. బడిగది చలికాలంలో పొడుగవుతుంది. గుమ్మంలో నిలబడి దండం పెడితే అది హెడ్మాస్టరుకి చేరేసరికి నా చేతులు తిమ్మిరెక్కుతాయి. నల్లబల్ల పక్కన నడుచుకుంటూ వెళితే ఎక్కాలు ఒకటో ఎక్కం నుంచి మొదలై, నాకు రాని ఎక్కాల దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీ కనిపిస్తుంది. కుర్చీ పక్కన కిటికీలో కేరేజీ ఉంది.

"బడికెళ్ళే పిల్లలున్న ఇంటికే కబురు, పారినాయుడూ. రూలు" అంటాడు దాలినాయుడు.

"మాకు పిల్లలు నేరు. అయితే నన్ను చేర్చుకోండి."

"నువ్వు అయిదు దాకా సదివినావు కదయ్యా, ఈ గదిలోనే."

"మర్సిపోనాను."

"ఎంత?"

"మొత్తం."

"అలగయితే సెయ్యెత్తు."

మా చిన్నప్పుడు పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు. కుడిచెయ్యి తల మీదుగా వెళ్ళి ఎడమ చెవిని అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు. అందకపోతే మళ్ళీ ఏడు రమ్మనేవారు. నేనూ అలాగే చేరాను. ఆ రోజు నుంచి అయ్యవార్లు మెలిపెట్టిందీ ఆ చెవినే. నాకన్నా దానికే బడి బాగా తెలుసు.

కుడిచెయ్యి ఎత్తుతాను. తల మీదుగా పోనిస్తాను. వేళ్ళు దగ్గరికి రాగానే చెవి కిందికి జారుతుంది. ఇంకా వంచుతాను. అది మెడ మీదికి దిగుతుంది. అక్కడి నుంచి భుజం మీదికి, భుజం మీంచి మోచేతికి. తర్వాత ఒక్క గెంతు గెంతి మొదటి బెంచీ మీద కూర్చుంటుంది.

"నీకు ఈడు రానేదు. సెవికొచ్చింది. సూడు, దానంతటదే ఎక్కి కూకుంది" అంటాడు దాలినాయుడు.

నెప్పి లేదు, నెత్తురు లేదు. చెవి ఉన్నచోట తడిమితే అరచెయ్యిలా నున్నగా ఉంది. చలిగాలి ఆ వైపు నుంచి ఇక దూరదు.

"తండ్రి పేరు పారినాయుడు. మరి తల్లి?" అంటాడు రిజిస్టరులో రాసుకుంటూ.

"మీ కిటికీలో ఉంది."

ఆయన కేరేజీ వంక చూసి తలూపుతాడు. చెవి బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. నా వంక తిరగలేదు.

మర్నాడు తెల్లారగానే వాకిలి ఊడుస్తాను. కుంపట్లో మంచి బొగ్గులు ఏరి వేస్తాను. సింహాలమ్మ కూర్చునే పీటే కడిగి వేస్తాను. మంచు దిగుతుంది. తవిటినాయుడి ఇంట్లో ముద్ద కరిగిపోయేసరికి ఇంకో తెల్లటి ముద్ద నా గడప ముందు నిలబడి ఉంటుంది.

"ఎడమ సెవోళ్ళ ఇల్లిదేనాండీ?"

"నీ ఇల్లే, సింహాలూ. రా."

వస్తుంది. అన్ని ఇళ్ళల్లోలాగే పీటెక్కి కరగడం మొదలుపెడుతుంది. "ఎడమ చెవి వాళ్ళ నాన్నకి తెలియజేయునదేమనగా, రేపు బడి పది గంటలకి. చలి ఎక్కువగా ఉన్నందున చెవికి మఫ్లరు చుట్టి పంపవలెను." తర్వాత దగ్గుతుంది. ఆ దగ్గును నేను కుడిచెవిలో దాచుకుంటాను.

"సింహాలూ, ఆవేళ ఏదో అనబోయినావు. అది సెప్పు."

"ఏదండీ?"

"మా అన్నావు. తర్వాతది."

"అది బడి కబురు కాదండీ."

ఆమె నన్ను ఏనాడూ అండీ అనలేదు. అండీ అనేది తవిటినాయుణ్ణి. కుంపట్లో బొగ్గు చిటపటలాడుతుంది. పీట మీద నీళ్ళు మిగులుతాయి. నేను తుడవను. అవే ఆరిపోతాయి.

చెవి రోజూ బడికి వెళ్ళి వస్తుంది. మఫ్లరు కడతాను, అన్నం కలిపి పెడతాను. తినదు, కానీ పెట్టకపోతే ఊళ్ళో పేరు పోతుంది. సాయంత్రం వచ్చి చిలక్కొయ్యకి తగులుకుంటుంది. రోజురోజుకీ నిగనిగలాడుతోంది. మంచి మాట విన్నవాళ్ళ మొహం అలాగే ఉంటుంది. ఎదురింటి మొహాలు చూసి చూసి నాకా మెరుపు తెలుసు.

దాలినాయుణ్ణి దారిలో పట్టుకుంటాను. "మా సెవి ఎలగ సదువుతాంది?"

"మంచి సెవి. అల్లరి నేదు. మద్దినాలప్పుడు కిటికీలో కేరేజీ పక్కనే కూకుంటాది. కబుర్లు అయిపోనాక గొంతు తనలో తనే మాటాడుకుంటాది కదా. అది ఇంటాది."

"ఏటి మాటాడతాది?"

"నాకేటి తెలుసయ్యా! నావి మాస్టారు సెవులు. పిల్లలు అరిస్తేనే ఇనబడతాది."

నా మాట బడిలో రోజూ మధ్యాహ్నం పూట ఖర్చయిపోతోంది. నా ఒంట్లో మొలిచిన చెవి, నేను నూనె పోసి పెంచిన చెవి, దాన్ని కూర్చుని వింటోంది. తవిటినాయుడంటే ఇప్పుడు నాకు కోపం లేదు. అతనికి దక్కేది పరీక్షల సంగతే. కోపమంతా చెవి మీదే.

సాయంత్రం దాన్ని చిలక్కొయ్య మీంచి దించుతాను. "ఏటందో సెప్పు" అంటాను. చెవికి నోరు లేదు. పాత అయ్యవార్లలా మెలిపెడతాను. ఎర్రబడుతుంది. అది నెప్పికి వచ్చిన ఎరుపు కాదు. పెళ్ళిపీటల మీద సింహాలమ్మ మొదటిసారి మావా అన్నది ఈ చెవిలోనే. ఆవేళ ఇలాగే ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు గుర్తుంది. దానికీ గుర్తుందని ఇప్పుడు తెలుస్తోంది. వదిలేస్తాను. ఆ రాత్రి దానికి మఫ్లరు కట్టను.

చలి తగ్గే రోజులొస్తాయి. గొంతు గుప్పెడంతై వచ్చి కబురు చెబుతుంది. "రేపు తల్లిదండ్రుల సమావేశం. తల్లి, తండ్రి ఇద్దరూ రావలెను."

ఉతికిన పంచె కట్టుకుని వెళతాను. బడిగది పొట్టిదైపోయింది. ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. ఒక్కో పిల్లకి రెండు కుర్చీలు. నాది కుడివైపు కుర్చీ. ఎడమవైపు కుర్చీలో తెల్లటి ముద్ద, నిమ్మకాయంత. దాని ఒళ్ళో చెవి. వాళ్ళిద్దరూ నాకు ఎడమవైపు, అంటే నాకు వినపడని వైపు. కుర్చీ మార్చుకుంటానని లేవబోతాను.

"తల్లి ఎడమ పక్కనే కూకోవాలయ్యా. రూలు" అంటాడు దాలినాయుడు.

గొంతు అందరికీ వినపడేలా ఆఖరి కబురు చెబుతుంది. తల పూర్తిగా తిప్పి కుడిచెవితో పట్టుకుంటాను. "చలి తగ్గింది. రేపటి నుంచి బడి మామూలు వేళకే. ఇంటింటికీ కబురు ఇక ఉండదు."

జనం లేచి నిలబడతారు. "నీ నోరు సల్లగుండ, సింహాలమ్మా" అంటారు, అందరూ ఒక్కసారే. ఆ హోరులో ముద్ద చెవి మీదికి వంగుతుంది. నాకు ఏమీ వినపడదు. చెవి ఎర్రబడుతుంది, ముందు అంచులు, తర్వాత తమ్మె, తర్వాత మొత్తం. తర్వాత అత్తిపత్తి ఆకులా ముడుచుకుంటుంది, లోపల పడ్డదాన్ని బయటికి పోనివ్వకుండా.

పక్క కుర్చీలో తవిటినాయుడున్నాడు. అతనికి రెండు చెవులూ ఉన్నాయి. భుజం పట్టుకుని కుదుపుతాను. "ఏటందిరా? ఇప్పుడు ఏటంది?"

"నాకెలగ తెలుస్తాదన్నా? అది మీ ఇంటి కబురు. మేం ఇనకూడదు" అంటాడు తవిటినాయుడు. అతను అబద్ధం ఆడడు. ఆడితే బాగుండేది.

ఎడమ కుర్చీలో కాసిని నీళ్ళున్నాయి. చెవి కిటికీ ఎక్కి, పైకి లేస్తున్న మంచు అంచు పట్టుకుని కొండ మీదికి వెళ్ళిపోతోంది. వెళ్ళే కొద్దీ పెద్దదవుతోంది. జీడితోటలు దాని నీడలో పడుతున్నాయి. శిఖరం మీద కూర్చున్నాక కొండంతా అదే. ముడుచుకునే ఉంది. ఎర్రగానే ఉంది.

దాలినాయుడు ఖాళీ కేరేజీ నా చేతికిస్తాడు. ఇంటికి తెచ్చుకుంటాను.

ఇప్పుడు పొద్దున్నే ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి కొండకి దండం పెడుతున్నారు. కొండ మీద చెవి నా ఇంటి వైపే వంగి ఉంది. దానికి నా పలుకు కావాలి. మావా అన్నదానికి ఊఁ అనేవాడు కావాలి. ఊఁ అంటే తెరుచుకుంటుందట. జీడితోటల మీద నీడ తొలగాలని పైడమ్మ వచ్చి బతిమాలుతోంది. "ఒక్కసారి ఊఁ కొట్టు బావా, నీ సొమ్మేటి పోద్ది?"

నాకు రావలసిన మాట నన్ను దాటి వెళ్ళింది. దానికి నేను ఊఁ కొట్టను. నా నోరు ఊడదీసి కేరేజీ అడుగు గిన్నెలో పెడతాను. మీద చన్నీళ్ళు పోసి, మూత పెట్టి, పిడి బిగించి, చిలక్కొయ్యకి తగిలిస్తాను. గిన్నెలో పెదాలు కాసేపు కదిలి ఆగుతాయి. కొండ ఇంకా వంగుతోంది. దాని తమ్మె నా ఇంటి పెంకుల మీద ఆనింది. ఆననీ. ఈ సంగతి ఇక మీదట నేను మాట్లాడను.