ఖాళీ బండి తూకం

మా అక్క వయసు ఎనభై ఆరు, బరువు ముప్పై నాలుగు కిలోలు. వృద్ధాశ్రమం హాల్లో కిటికీ పక్క మంచం ఆమెది. చలికాలపు జ్వరాలకు టీకా వేస్తున్నామని, ఎనభై దాటినవాళ్ళకైతే దగ్గరి బంధువు వచ్చి సంతకం పెట్టాలని అక్కడి నుంచి కబురు వచ్చింది. ఆమెకు మిగిలిన బంధువును నేనొక్కణ్ణే. సంతకం పెట్టనని చెప్పడానికి బయల్దేరాను. ఆ మాట నిరుడు చెప్పినట్టే ఫోనులో చెప్పినా సరిపోయేది. కాని టీకా వేసే నర్సు మొహం మీదే చెప్పాలనుకున్నాను.

మూడేళ్ళ కిందట మా ఊళ్ళో పెట్టిన శిబిరంలో నా భార్యకు ఈ టీకా వేసింది ఆ నర్సే. అయిదో రోజు సాయంత్రం నాలుగింటికి నా భార్య పోయింది. గుండె ఆగిందన్నారు. డెబ్భై తొమ్మిదేళ్ళ గుండె ఆగక ఏం చేస్తుందన్నాడు మా వీధిలో ఒకాయన. అతనితో ఇప్పటికీ మాటల్లేవు.

హాల్లో ఫినాయిలు వాసన. గోడకు రెండు బెంచీలు, పైన గడియారం. నర్సు టీకాల మంచుపెట్టె పక్కన కూర్చుని కాగితాలు సర్దుతోంది. నన్ను గుర్తుపట్టింది.

“బాగున్నారా పెద్దాయనా?”

“బాగుండటానికి ఏం మిగిల్చావు?”

ఆమె తల దించుకుని మళ్ళీ కాగితాలు సర్దుకుంది. మంచం మీద నుంచి అక్క అందుకుంది.

“వచ్చీ రాగానే ఆ పిల్ల మీద పడ్డావా? నీ మొహం చూస్తే కాగుతున్న పాలు కూడా విరిగిపోతాయిరా. సంతకం పెట్టి కూర్చో.”

“పెట్టను.”

“నా ఒంటికి నీ సంతకమేమిటో. నాకు బుద్ధి ఉందంటారు, సంతకం మాత్రం నీది కావాలంటారు.”

“ఈ ఒంటితో సూదికి తట్టుకుంటావా అక్కా?”

“తట్టుకోకపోతే నీకు బస్సు ప్రయాణాలు తప్పుతాయి.” నవ్వబోయి ఆయాసపడింది. పక్క మంచం చూపించింది. దాని మీద పరుపు చుట్టి ఉంది. “పోయిన చలికాలం ఆవిడ సూది వద్దంది, ఏడు రోజులు దగ్గి దగ్గి పోయింది. ఏడు రోజులూ పక్కనే పడుకుని విన్నాను. చావంటే నాకు భయం లేదురా. ఆ దగ్గంటే భయం.”

నేను నర్సు వైపు తిరిగాను. “నిరుడు ఇక్కడ నువ్వు సూది వేసినవాళ్ళలో వారంలోపు పోయినవాళ్ళున్నారా?”

“ఇద్దరున్నారు.” దాచలేదు, తడబడలేదు.

“విన్నావా అక్కా?”

“విన్నాను. మరి సూదే లేని ఏడాది అదే వారంలో ఎంతమంది పోయారో అడిగావా?”

“అడగలేదు.”

“లారీల కాటా దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నావు. లోడు బండి ఒక్కటే తూచి సరుకెంతో చెప్పేవాడివా?”

చెప్పేవాణ్ణి కాదు. ఖాళీ బండిని కాటా ఎక్కించందే చీటీ రాసేవాణ్ణి కాదు. డ్రైవర్లు తిట్టారు, బతిమాలారు, ఒకడు కాలర్ పట్టుకున్నాడు. అయినా రాయలేదు. ఈ గొప్పను ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను. అక్కకైతే వందసార్లు చెప్పి ఉంటాను.

పాత రిజిస్టరు అడిగాను. నర్సు లోపలికెళ్ళి తెచ్చింది. పేరు, మంచం నంబరు, పోయిన తేదీ. టీకా మొదలుకాని ఏడాదిలో అదే వారం వెతికి వేలు పెట్టి చదివాను. ముగ్గురు. మరోసారి చదివాను. ముగ్గురే.

“దీంతో మీ ఆవిడ సంగతి తేలదు పెద్దాయనా,” అంది నర్సు. “సూది వల్ల కాదని నేను చెప్పలేను. సూది వల్లేనని మీరూ చెప్పలేరు. ఇంత బలహీనంగా ఉన్నవాళ్ళ మీద పరీక్షలు తక్కువగానే జరిగాయి. అందుకే వేసేముందు ఇన్ని ప్రశ్నలు అడుగుతాం. మీరు నిజం చెబితేనే మాకు ఏదైనా తెలిసేది.”

కాగితం నా ముందు పెట్టింది. మూడేళ్ళనాటి కాగితం లాంటిదే. జ్వరముందా, కొత్త మందులు వాడుతున్నారా, ఇదివరకు ఏదైనా మందు పడలేదా. ఒక్కొక్క ప్రశ్నకెదురుగా అవును, లేదు.

ఆ రోజు క్యూలో నిలబడి మోకాలి మీద పెట్టుకుని నింపాను. ముందురోజు రాత్రి నా భార్యకు ఒళ్ళు కాలింది. “ఇంకో రోజు వద్దాం లెండి,” అంది. “మళ్ళీ ఈ క్యూలో ఎవడు నిలబడతాడు?” అన్నాను. ప్రశ్నలు చదవలేదు. లేదు, లేదు అని ఉన్న వరస మీద పైనుంచి కిందికి ఒకటే గీత గీశాను. కాటా దగ్గర అలా చేసి ఉంటే నన్ను ఆ పూటే పంపించేసేవాళ్ళు.

కాగితం వెనక, ఏమైనా జరిగితే చెప్పమని ఫోను నంబరు కూడా ఉంది. ఆమె పోయాక ఈ నర్సును వీధి వీధంతా వినేలా తిట్టాను గాని ఆ నంబరుకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఎవరైనా వచ్చి ముందురోజు సంగతి అడిగేవాళ్ళు.

కలం తీశాను. “జ్వరముందా అక్కా?”

“లేదు. రాసెయ్.”

మెడ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. “రాత్రి ఎలా ఉంది?”

“దుప్పటి కప్పుకుంటే ఎవరి ఒళ్ళయినా కాలుతుంది. నువ్వు రాయి.”

అవును దగ్గర గుర్తు పెట్టాను. నర్సు థర్మామీటరు పెట్టి చూసింది. నూటొకటి.

“ఈరోజు వద్దు మామ్మగారూ. డాక్టరుగారు చూస్తారు. తగ్గితే వచ్చే గురువారం వేద్దాం.”

అక్క మొహం గోడకేసి తిప్పుకుంది. “నిజాలు చెప్పే జబ్బు నీకు ఇప్పుడే పట్టుకుందట్రా?”

ఆమెకేమీ తెలియదు. ఊరికే అంది. తగలవలసిన చోటే తగిలింది.

వెళ్ళేముందు నర్సు బల్ల దగ్గర ఆగాను. “నా భార్యకు ముందురోజు జ్వరం. నేను లేదని గీశాను,” అన్నాను.

ఆమె కలం కింద పెట్టింది. ఓదార్చలేదు. ఓదారిస్తే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

“నేనూ చెయ్యి పట్టుకు చూడలేదు,” అంది చివరికి. “లైన్లో నూట ఇరవైమంది ఉన్నారు. కాగితం చూసి వేసేశాను.”

తర్వాత సొరుగులోంచి వేరే కాగితం తీసింది. “ఆవిడ పేరు చెప్పండి. మూడేళ్ళు ఆలస్యమైంది, తీసుకుంటారో లేదో తెలియదు. జ్వరం సంగతితో సహా రాసి పంపుతాను.”

పేరు చెప్పాను. ఆ పేరు పైకి అని చాలా కాలమైంది. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. సూది ఎప్పుడు, జ్వరం ఎప్పుడు, పోయింది ఎప్పుడు, అన్నీ అడిగి రాసుకుంది. ఆమెను నేను క్షమించానని కాదు. ఆ కాగితం మీద ఇద్దరం ఉన్నాం.

ఆ గురువారానికి అక్కకు జ్వరం లేదు. థర్మామీటరు రెండుసార్లు పెట్టించాను. ప్రశ్నలన్నీ పైకి చదివాను. సంతకం పెట్టాను. సూది వేశాక అరగంట ఆమె మంచం పక్కన కూర్చుని గడియారం చూశాను. “ముల్లును నువ్వు తోస్తున్నావా ఏమిటి?” అంది అక్క.

అయిదో రోజు మళ్ళీ వెళ్ళాను.

“చూడటానికొచ్చావా, మోసుకెళ్ళటానికొచ్చావా?”

“చెయ్యి నొప్పిగా ఉందా?”

“ఉంది. నీ ప్రశ్నలతో తల కూడా నొప్పిగా ఉంది.”

మూడున్నరకు బస్సుంది. వెళ్ళలేదు. అక్క నిద్రపోయింది. దుప్పటి లేవడం, దిగడం చూస్తూ కూర్చున్నాను. నాలుగైంది. నాలుగూ పది అయింది. అక్క కళ్ళు తెరిచి, “ఇంకా ఉన్నావా?” అంది.

“ఆరింటి బస్సుకు పోతాను.”

“అయితే ఆ కిటికీ వెయ్యి. చలిగాలి కొడుతోంది.”

లేచి కిటికీ వేశాను.