రెండు గీతల ఉత్తరం

అన్వర్ బాషా తొమ్మిదేళ్లుగా ఒక ఉత్తరంతో కాపురం చేస్తున్నాడు. దాన్ని ఇంతవరకూ తెరవలేదు.

కువైట్‌లో, సాల్మియాలో నాలుగో అంతస్తు గది. కిటికీలోంచి చూస్తే రెండు భవనాల మధ్య చీర అంచంత సముద్రం. ఆ మధ్యాహ్నం దుమ్ము లేచి ఆ అంచు కూడా చెరిగిపోయింది. ఎండా ఇసుకా కలిసి, విరిగిన పాలలాంటి వెలుగు గదంతా పరుచుకుంది. అలాంటి వెలుగులో అతనికి మెలకువకీ నిద్రకీ మధ్య గోడ పలచబడిపోతుంది.

మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు సర్దాడు. నెలాఖరుకి ఇఖామా, అక్కడ ఉండే అనుమతి, అయిపోతుంది. కడపలో చెల్లెలు సమీరా మేడమీద గది ఊడ్చి పెట్టింది. ఇన్నేళ్లూ పోగుచేసిన అమెరికా పాత ఉత్తరాలన్నీ ఒక్కొక్కటిగా ఇతర సేకర్తలకి ఇచ్చేశాడు. స్టాంపులు పుట్టకముందువి అవి. కవరు కూడా ఉండేది కాదు. రాసిన కాగితాన్నే మడిచి, అంచు మీద లక్క వేసి, వీపు మీద చిరునామా రాసేవారు. వాటిలోనూ అతనికి టెరిటరీల నుంచి వచ్చినవంటేనే ప్రాణం. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని నేల. మనుషులు వచ్చి చేరతారు, గనులు తవ్వుతారు, పిల్లల్ని కంటారు. ఆ చోటుకి మాత్రం ఇంకా ఒక హోదా అంటూ రాలేదు. అక్కడినుంచి ఎవరో రాసుకున్న మాటలు చదువుతుంటే కువైట్‌లోని తన ముప్పై ఏళ్లకి తోడు దొరికినట్టుండేది.

మిగిలింది ఇదొక్కటి. 1839, విస్కాన్సిన్ టెరిటరీ, సీసం గనుల దగ్గరి పల్లె. పెన్సిల్వేనియాలో హానా అనే ఆవిడకి. ఆ రోజుల్లో ఉత్తరం ఖర్చు అందుకునేవాళ్లే కట్టాలి. ఆవిడ కట్టలేదు. తీసుకోనన్నారని పోస్టుమాస్టరు పైన రాసి, తన పెట్టెలో పడేశాడు. లక్క ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

కొన్న వారంలోనే అన్వర్ దాన్ని తెరవబోయాడు. తెరిచేలోపే ఒక రాత్రి కలలో కాగితం మడతలోంచి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు తెలుగులోనే మాట్లాడింది. ఆఫీసులోనూ, ఫోన్లో చెల్లెలితోనూ అతను ఎన్నడూ అనలేకపోయిన మాటలు నెమ్మదిగా అంది. ఆ తర్వాత పగలు కూడా అప్పుడప్పుడు వినిపించసాగింది. అది తన గొంతేనని అతనికి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం అతనికి బాగా అలవడింది. తెరిస్తే ఆ గొంతు పోతుంది. అది కూడా లేకుండా కడపలో ఆ మేడగదిలో ఎట్లా ఉండాలి? అతని భయమంతా అదే.

కార్గో ఆఫీసు నుంచి అట్టపెట్టెలు కట్టడానికి వచ్చిన రాజమౌళి జగిత్యాల మనిషి. నలభై దాటాయి. దుప్పట్లూ సబ్బులూ సర్ది, బట్టలో చుట్టిన ఉత్తరాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"గిదేంది సారూ?"

"పాత ఉత్తరమబ్బా. దుప్పట్ల నడుమ పెట్టు, నలగకుండా."

"లోపలేమున్నది?"

"తెలీదు."

రాజమౌళి టేపు రోలు కింద పెట్టాడు. "తెల్వదంటె ఎట్ల? లిస్టుల రాయాలె గద. మూసినదేదీ పెట్టం మేము. మా ఊరాయన ఎవలో ఇచ్చిన తొక్కు డబ్బా మూత తియ్యకుంట తెచ్చిండు. లోపల గంజాయి ఎల్లింది, నాలుగేండ్లు జైల్ల ఉన్నడు."

"ఇది దగ్గర దగ్గర రెండు వందల ఏండ్లనాటిదప్పా!"

"రెండు వందల ఏండ్ల సంది ఎవలు తియ్యలేదా? ఏం బద్ధకం సారూ!"

అన్వర్‌కి నవ్వొచ్చింది. "సరేలే, చేతిసంచిలో ఏసుకొని పోతా."

"ఏర్‌పోర్టుల వాడు అడగడా? నేనన్న సారూ అంటున్న, వాడు గది గూడ అనడు." రాజమౌళి ఉత్తరాన్ని వెలుగుకి తిప్పాడు. చిరునామా కింద వంకరగా రెండు గీతలున్నాయి. "గీ గీతలేంది?"

"ఊరికే గీసినట్టుండాడు."

"ఊరికే ఎవలు గీస్తరు? మిస్డ్ కాల్ గిది!"

"ఏందీ?"

"నేను కొత్తగ వచ్చినప్పుడు మా ఇంటామె రాధకు ఒక్క రింగిస్తె బాగున్న అని. రెండిస్తె పైసలు పంపిన అని. ఎత్తిందో, కార్డు ఖలాస్, తిట్లు షురూ. గీ అమ్మ గూడ గంతే. గీతలు జూసింది, మనిషి మంచిగున్నడని తెల్సింది, పైసలు దండుగని వాపస్ ఇచ్చింది. లోపలేముంటది సారూ, తెల్ల కాయిదం!"

అన్వర్ కుర్చీలో కూర్చున్నాడు. అలాంటి రహస్య గుర్తుల గురించి అతను పుస్తకాల్లో చదివే ఉన్నాడు. కొన్న ప్రతి ఉత్తరాన్నీ భూతద్దం పెట్టి వెతికాడు. దీన్ని తప్ప. తొమ్మిదేళ్లు ఆ గీతలు కళ్లముందే ఉన్నా చూడదలచుకోలేదు. ఇక మూసి ఉంచినా లాభం లేదు. లోపల ఏమీ లేదేమోనన్న అనుమానం దూరింది. గొంతు అప్పుడే పలచబడుతోంది.

"ఆ బ్లేడియ్యి," అన్నాడు.

లక్క కింద బ్లేడు నెమ్మదిగా జరిపాడు. మడత విచ్చుకుంది. పాత బియ్యం డబ్బా వాసన. లోపల తెల్లగా లేదు. పైభాగాన ఏడెనిమిది వరుసలు పొందికగా రాసి ఉన్నాయి. కిందంతా ఖాళీ.

"ఉన్నదా! ఏమున్నది సారూ, సదువుండ్రి."

అన్వర్ ఎవరికీ ఏదీ చదివి వినిపించి ఎరగడు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటనీ తెలుగు చేసుకుంటూ మొదలుపెట్టాడు.

"'హానా, ఈసారి డబ్బు కట్టి తెరువు. గనిలో నా కుడిచెయ్యి నలిగింది. ఈ మాటలు పక్క మంచం మనిషి రాస్తున్నాడు. గీతలు మాత్రం ఎడమచేత్తో నేనే గీశాను. అవి లేకపోతే నువ్వు బెంగపడతావని. నీకు చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. ఇంకొకరి చేత రాయించలేను.'"

రాజమౌళి అట్టపెట్టె మీద కూలబడ్డాడు. "ఆమె సదవనే లేదు."

"లేదు."

"బాగున్నడనుకున్నది."

"ఊఁ."

రాజమౌళి అరచేతుల్లోకి చూసుకున్నాడు. "లేబర్ క్యాంపుల నేను గూడ మందికి ఉత్తరాలు రాసిచ్చిన సారూ. ఇంటామెకు ఏం రాయాలె అని అడిగితె, మొకం గోడకు తిప్పుకునేటోళ్లు. నువ్వే ఏదన్న రాయి అనేటోళ్లు."

అన్వర్ లోపలి గొంతు కోసం చెవి ఒగ్గాడు. ఏమీ లేదు. చెయ్యి నలిగిన ఆ పరాయి మనిషి కాగితమంతా తన మౌనంతో నింపేశాడు. తొమ్మిదేళ్లు తాను తలదాచుకున్న చోటులో ఇప్పుడు అసలు యజమాని కూర్చున్నాడు.

"తర్వాత సారూ? గాయిన ఏం జెప్పాలనుకున్నడు?"

అన్వర్ కాగితాన్ని ఇంకాస్త పైకెత్తాడు. ఖాళీ భాగం కిటికీ వెలుగులో పసుపుగా మెరిసింది. దాన్ని చూస్తూ చదవసాగాడు.

"'ఇక్కడ నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, హానా. సాయంత్రం పని నుంచి వస్తూ నా పేరు నేనే ఒకసారి అనుకుంటాను, మరిచిపోకుండా. ఎవరైనా బాగున్నావా అంటే బాగున్నాననే అంటాను. అది తప్ప ఇంకో మాట నాకు చేతకాదని ఈమధ్యే తెలిసింది...'"

గొంతు బొంగురుగా ఉంది, అక్కడక్కడా తొట్రుపడుతోంది. అయినా ఆ మాటలు మొదటిసారి గదిలో, బయట, వినబడుతున్నాయి. కాగితం అంచు మీదుగా చూశాడు. రాజమౌళి చూపు కాగితం వెనకవైపు మీదే ఉంది. వెలుగులో సిరా అవతలికి కనబడుతోంది; రాత సగంలోనే ఆగిపోయిందనీ, కిందంతా ఖాళీ అనీ అతనికి తెలిసిపోతోంది. అన్వర్ ఆగాడు.

రాజమౌళి కాళ్లు దగ్గరికి లాక్కుని సర్దుకు కూర్చున్నాడు.

"ఊఁ," అన్నాడు.