మాయెన్ చేతి ఎక్‌పాంగ్

అన్యాయం ఎవరికి జరిగింది? నాకు. ఎవరు చేశారు? మా పిన్ని ఎకానెమ్, ఆమె కూతురు అరిత్. ఏ విధంగా? మా అమ్మ మాయెన్ చేతివంట నాకు చేరవలసి ఉండగా, దానిని దారిలోనే ఆపి తమ పేరు పెట్టుకున్నారు. ఫిర్యాదు చేయదలచినవారు ముందు నేరం చెప్పాలి, కన్నీళ్ళ సంగతి తరువాత అని నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లు నేర్పారు. అందుచేత ముందు నేరమే చెప్పాను.

మా ఊరు కాలబార్‌లో ఎక్‌పాంగ్ వండని ఇల్లాలు లేదు. చేమదుంపనూ పెండలాన్నీ తురిమి, ఆ ముద్దను లేత చేమాకుల్లో సన్నని చుట్టలుగా చుట్టి, నత్తగుల్లలు, ఎండుచేప, ఎండురొయ్యల పొడి, ఎర్రని పామాయిలు చేర్చి ఒక్క కుండలో ఉడికించడమే కదా అని ప్రతివారూ అనుకుంటారు. కాని ఏ చుట్టకా చుట్ట విడిగా నిలిచి, నాలుక మీద పెట్టిన తరువాత మాత్రమే కరిగే ఎక్‌పాంగ్ మా అమ్మది.

ఆమె మంచం పట్టినప్పుడు పిన్నిని పిలిచి, పిల్లలం మేమిద్దరం వింటుండగానే అన్నది:

"ఎకానెమ్, ఎక్‌పాంగ్ అతిమ్‌ది. దాని చెయ్యి ఎదిగేదాకా నీ దగ్గర దాచు. తర్వాత దానికిచ్చెయ్యి."

"ఇస్తానక్కా. దేవుడి సాక్షిగా ఇస్తాను," అన్నది పిన్ని.

అతిమ్ అంటే నేను. అరిత్ నాకంటె పెద్దది. విన్న మాట మరిచిపోయే వయసు కాదు ఆమెది.

అమ్మ పోయిన తరువాత మా నాన్న నన్ను సిస్టర్ల హాస్టలులో చేర్చాడు. సెలవులకు పిన్ని ఇంటికి వెళ్ళేదానిని. ఎక్‌పాంగ్ వండే రోజున పిన్ని నా చేతికి పుస్తకమిచ్చి వరండాలో కూర్చోబెట్టేది. "లోపల మసీ నూనే. నీ తెల్ల మేజోళ్ళు పాడైపోతాయమ్మా," అనేది. తరువాత వంటింటి తలుపు మూసుకునేది. లోపలినుంచి అరిత్ నవ్వు వినిపించేది. కాసేపటికి తలుపు సందులోంచి వాసన వచ్చేది. ఆ వాసన మా అమ్మది. తలుపు అవతల ఉన్న కూతురు మాత్రం నేను కాదు.

మా ఊళ్ళో పెళ్ళికి ముందు ఆడపిల్లను లోపలి గదిలో కూర్చోబెట్టి, ఒళ్ళు నిండేలా తినిపించి, పెద్దవాళ్ళు వంటా వార్పూ నేర్పుతారు. అరిత్ ఆ గదిలో కూర్చున్నది. నేను కాన్వెంటునుంచి నేరుగా చర్చికి వెళ్ళి, తెల్లగౌను తొడుక్కుని పెళ్ళి చేసుకున్నాను. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఆపైన అరిత్ పేరు ఊరంతా మోగింది. పెళ్ళి అయితే అరిత్ ఎక్‌పాంగ్, చావు అయితే అరిత్ ఎక్‌పాంగ్. బిషప్పు గారు వస్తే కూడా అదే. మా ఇళ్ళలో కుండ ఎవరిదైతే మొదటి గరిటె వారే తీయాలి. ప్రతి విందులోనూ ఆ గరిటె అరిత్ తీస్తుండగా నేను ఎదురుగా కూర్చుని చూశాను. నా భర్త ఎఫియోమ్ మితంగా తినే మనిషి. అటువంటివాడు ఆమె ఇంటి విందులో కుండ అడుగు గోకించుకుని తిన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, "ఏమన్నా అను, మీ అక్క చెయ్యే చెయ్యి," అన్నాడు. మరునాడు ఆయనకు వట్టి అన్నం, ఉప్పు వేయని గుడ్డు పెట్టాను. ఆయన దానిని కూడా మితంగా తిన్నాడు.

ప్రతి క్రిస్మస్‌కూ అరిత్ మూతగిన్నె నిండా పంపేది. నేను దానిని వాచ్‌మన్‌కు ఇచ్చి, గిన్నె తోమించి తిప్పి పంపేదానిని. అతడు గేటు దగ్గర వేళ్ళు నాకుతూ తింటుంటే కిటికీ తెర వెనుక నిలబడి చూసేదానిని.

ఈ సంవత్సరం నా మనవరాలు ఇమాకు సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు మా ఇంటికి విందుకు రావలసి ఉన్నది.

"అమ్మమ్మా, అరిత్ అమ్మమ్మకి చెప్పేద్దామా? వాళ్ళు అడిగారు కూడా, ఆవిడ ఎక్‌పాంగ్ ఉంటుందా అని," అన్నది ఇమా.

"ఉండదు. మా అమ్మ ఎక్‌పాంగ్ ఉంటుంది. నేను వండుతాను."

"నువ్వా? నీకొచ్చా?"

"నేర్చుకుంటాను. నువ్వు కూడా నేర్చుకో. ఆ నవ్వు ఆపు, ఆకులు చీల్చడం నీ పని."

వాట్ మార్కెట్టుకు నేనే వెళ్ళి చేమాకులు ఏరి తెచ్చాను. దురద పుట్టకుండా తురిమే ముందు చేతులకు పామాయిలు రాసుకోవాలని, నత్తగుల్లల తోక కొట్టేయాలని చిన్నప్పటి జ్ఞాపకం చెప్పింది. మిగిలినది ఇమా తన ఫోనులో చూసి చెప్పింది. ఇద్దరం కూర్చుని చుట్టలు చుట్టాం. కుండలో పెట్టి, నీళ్ళు పోసి, నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. మాకు వంట పాఠాలు చెప్పిన సిస్టర్ బ్రిజిడ్ పాల పుడ్డింగు వండుతూ, పొయ్యి మీద ఉన్నదానిని కలపకుండా వదిలే పిల్ల సోమరిదని, సోమరితనం పాపమని చెప్పేది. నేను పాపం చేయలేదు. మూత తీసి చూస్తే చుట్టలన్నీ విడిపోయి జావ అయింది. మళ్ళీ వండాను, నీళ్ళు తగ్గించి. జావ. పెండలం తగ్గించి చూశాను. గట్టి జావ. పక్కింటి మేక మాత్రం మా దొడ్డి గోడ దగ్గరినుంచి కదలడం మానేసింది.

విందు దగ్గరికి వచ్చింది. ఇమా నాతో చెప్పకుండా అరిత్‌కు కబురు చేసింది. ఆమె టాక్సీ దిగి, చేతికర్ర టకటకలాడించుకుంటూ తిన్నగా నా వంటింట్లోకే వచ్చి, కుండలోకి తొంగిచూసింది.

"ఇదేంటే అతిమ్, ఇంట్లో పళ్ళు రాని పిల్లలెవరన్నా ఉన్నారా?"

"నిన్నెవరు రమ్మన్నారక్కా?"

"నీ మనవరాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకులే అని రాకూడదనే అనుకున్నా. పిల్ల పెళ్ళాయె, మనసొప్పలేదు."

"కందా నాదే, కత్తిపీటా నాదే. మధ్యలో ఎత్తుకుపోయింది నువ్వు."

ఇమా గరిటె చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. అరిత్ ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నది.

"ఇన్నేళ్ళకి అన్నావు. గిన్నె తిప్పి పంపినప్పుడల్లా అంటావేమో అనుకునేదాన్ని."

"మా అమ్మ మాట నువ్వు విన్నావా, లేదా?"

"విన్నా."

"మరి?"

"మా అమ్మ ఏమందో తెలుసా? 'అతిమ్‌కి ఇంగ్లీషుంది, రేపు కారున్న మొగుడొస్తాడు. నీకేముందే? ఈ కుండొక్కటీ దాని కంట పడనీకు' అంది. నువ్వు సెలవులకొస్తే నీ తెల్ల మేజోళ్ళు ఉతికిందెవరనుకున్నావు? నేనే. ఉతికి తీగ మీద ఆరేసి, వాటి వంక చూస్తూ కూర్చునేదాన్ని. కుళ్ళు, తల్లీ. ఒట్టి కుళ్ళు. నీ దగ్గర అబద్ధమెందుకు?"

ఆమె నా మేజోళ్ళను చూసి కుళ్ళుకున్నదని విన్నప్పుడు నాకు ఎక్కడో చల్లగా తగిలింది. అయినా అసూయకు కారణం ఉన్నంత మాత్రాన బాకీ రద్దు కాదు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా చెప్పాను.

"ఏదీ దాచకుండా నేర్పాలి. పెళ్ళివాళ్ళ ముందు, ఇది మాయెన్ ఎక్‌పాంగ్ అని నీ నోటితో చెప్పాలి. అప్పుడే చెల్లు."

"నేర్పుతా. అది మాత్రం అడక్కు. ఈ ఊళ్ళో నన్ను పిలిచేదే ఆ కుండ పేరు పెట్టి. అది కాస్తా తీసేస్తే నేనెవర్నే?"

"అది మా అమ్మనడుగు. ఆవిడ పేరు ఏమైపోయిందో కూడా అడుగు."

ఆమె కొంగు బిగించి, "ఆకులు తెండి," అన్నది.

ముందు కుండ లోపలంతా పామాయిలు పట్టించింది. అడుగున నత్తగుల్లలు పరిచింది. వాటి మీద చుట్టలను వరుసగా, ఒకదాని పక్కన ఒకటి నిద్రపుచ్చినట్టు పేర్చింది. కాగిన నీళ్ళను చుట్టల మీద కాక, కుండ గోడ వెంట సన్నగా జారవిడిచింది. మూత పెట్టింది. కుండ కుతకుతలాడడం మొదలుపెట్టగానే నా చెయ్యి గరిటె మీదికి పోయింది. ఆమె చటుక్కున ఒక దెబ్బ వేసింది.

"చెయ్యి తియ్యి!"

"అడుగంటుతుంది."

"అంటదు. గుల్లలు కింద పరిచింది అందానికనుకున్నావా?"

"ఒక్కసారి కలిపితే..."

"కలిపితే జావే. ఇదేనే పిచ్చిదానా, ఆ రోజుల్లో తలుపేసుకుని దాచింది. లోపల మేమేదో వేస్తుంటే నువ్వు చూస్తావని కాదు, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం చూసేస్తావని. చుట్టలు గట్టిపడేదాకా గరిటె తగలకూడదు. అంతే. ఇంకేం లేదు."

నా చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి ఆమె నా మణికట్టు పట్టుకున్నది. నూనె జిడ్డుతో, ముడతలతో, ఇనుములా ఉన్నది ఆ పట్టు. కుండ గునుస్తున్నకొద్దీ నా వేళ్ళు లాగుతున్నవి, ఆమె వదలలేదు.

"పెద్దమ్మ కూడా మా అమ్మ చెయ్యి ఇట్లాగే పట్టుకునేదంట. మా అమ్మ నాది పట్టుకుంది," అన్నది మెల్లిగా.

మా అమ్మ పట్టుకున్నది నా చెయ్యి కాదు. కాని ఆ పట్టు ఎవరినుంచి ఎవరికి వచ్చిందో లెక్కవేస్తే, చివరకు అది నా మణికట్టు దగ్గరికే చేరింది. నేను చెయ్యి లాగడం మానుకున్నాను. కాసేపటికి పచ్చి ఆకు వాసన పోయి, తలుపు సందులోంచి వచ్చిన ఆ పాత వాసన లేచింది.

"ఇప్పుడు," అన్నది అరిత్, నా చెయ్యి వదులుతూ. "ఇప్పుడు ఎండుచేప, రొయ్యపొడి, నూనె. ఇప్పుడు కలుపు, నీ ఇష్టం వచ్చినంత."

చుట్టలు విడిపోలేదు.

విందునాడు అరిత్ నా వంటింట్లోకి రాలేదు, హాలులో పెళ్ళివారితో కూర్చున్నది. ఇమా చుట్టింది, నేను వండాను, ఇమా నా మణికట్టు పట్టుకున్నది. కుండను హాలులోకి తెచ్చి మూత తీయగానే పెళ్ళికొడుకు పెదనాన్న కుర్చీలోంచి లేచాడు.

"ఆహా! ఎవరూ చెప్పక్కర్లేదు. వాసనే చెప్తోంది. అరితమ్మ చెయ్యి!"

అందరూ నవ్వుతూ ఆమె వైపు తిరిగారు. ఎవరో గరిటె ఆమె చేతికి ఇచ్చారు కూడా. నా కుండ, నా ఇల్లు, నా మనవరాలి విందు. గరిటె మాత్రం మళ్ళీ ఆమె చేతిలో. నేను నోరు విప్పలేదు. నేను చెప్పుకుంటే అది గొప్ప అవుతుంది. బాకీ పడినవారు చెబితేనే అది చెల్లింపు.

అరిత్ నన్ను చూసింది. చాలాసేపు గరిటెను చూసుకున్నది. తరువాత కర్ర ఆనించుకుని లేచింది.

"కూర్చోండి బాబూ, ముక్కు మోసం చేసింది మిమ్మల్ని. ఇది నా చెయ్యి కాదు, ఎప్పుడూ కాదు. మా పెద్దమ్మ మాయెన్‌ది. కూతురికిమ్మని మా అమ్మకి అప్పజెప్పి పోయింది. మేమివ్వలేదు. తలుపేసుకున్నాం. ఇవాళ వండింది ఆవిడ కూతురు. ఇకనించి దీన్ని మాయెన్ ఎక్‌పాంగ్ అనండి. నా పేరు పెట్టినవాళ్ళకి నా ఇంట్లో ముద్ద పెట్టను."

హాలంతా చప్పట్లు పడ్డాయి, అవి కూడా ఆమెకే. "ఎంత పెద్ద మనసు!" అని పెళ్ళికొడుకు పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నా ఒళ్ళు మండింది. దొంగిలించినప్పుడూ పేరు ఆమెదే, తిరిగి ఇచ్చినప్పుడూ పేరు ఆమెదే. అయినా మా అమ్మ పేరు ఆ హాలులో అందరి నోటా పడింది. పెళ్ళికొడుకు తమ్ముడు "మాయెన్, మాయెన్" అని పలికి చూసుకోవడం నేను స్వయంగా విన్నాను.

అరిత్ గరిటె నా చేతిలో పెట్టింది. మొదటి గరిటె తీసి, గుమ్మం బయట నేల మీద మా అమ్మ పేరున పెట్టాను. సిస్టర్లు దీనికి ఒప్పుకోరు. ఆ వేళ వారిని అడగలేదు. రెండవ గరిటె అరిత్ పళ్ళెంలో వేసి, ఎదురుగా నిలబడ్డాను.

ఆమె ఒక చుట్ట నోట్లో పెట్టుకున్నది. కళ్ళు మూసుకున్నది. మింగింది. రెండవది తిన్నది. వేలితో పళ్ళెం అంచున ఉన్న నూనె కూడా తీసి నాకింది. అప్పుడు కళ్ళు తెరిచి, పెదవి విరిచింది.

"ఉప్పు తగ్గిందే."

ఉప్పు తగ్గలేదు. ఇమా రుచి చూసింది, నేనూ చూశాను; ఉప్పు సరిగ్గా మా అమ్మ వేసినంతే ఉన్నది. అది అసూయ. ఇన్నేళ్ళుగా నేను మోసినదే, ఇప్పుడు ఆమె గొంతులో పలికింది. అరిత్ పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపింది. నేను నిండుగా వడ్డించాను. నాకు రావలసిన బాకీ పూర్తిగా తీరింది.