గుప్పిటి కొలత

సగం జీవితం కాశిబుగ్గలో నూలుకు రంగులద్దిన పండరి, ఊరి బయట కట్టుకున్న కొత్త ఇంటి పక్కనే చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. కట్టినతను పోయేముందు అంతా వివరంగా చెప్పాడు. నీళ్లు పరీక్ష చేయాలి, మందు కొలవాలి, బకెట్‌లో కలిపి పొద్దుగూకాక పోసి పంపు తిప్పాలి, మళ్లీ పరీక్ష చేశాకే మనుషులు దిగాలి. పండరి తలూపాడు గాని చెవిన పెట్టలేదు. నూలును తెల్లగా చేసిన చేతికి ఇంకొకరు కొలత చెప్పడమేమిటనుకున్నాడు.

ఆదివారం చుట్టాలను పిలిచాడు. పొద్దున లేచి చూస్తే నీళ్లు పచ్చబడి ఉన్నాయి, గోడలు పాచిపట్టి జారుతున్నాయి. నూలు తొట్టిలో వేసినట్టే బ్లీచింగ్ పౌడర్ గుప్పిళ్లతో చల్లాడు. చుట్టాలు వచ్చేసరికి పచ్చదనం విరిగి నీళ్లు తేటపడ్డాయి. అందరూ మెచ్చుకున్నారు.

ముందుగా దిగింది అతని అక్క శ్యామలమ్మ మనవరాలు మహిత. కాసేపటికే దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ ఒడ్డెక్కింది. చేతులు ఎర్రగా కందాయి. ఏమైందని చుట్టాలు పండరి వైపు చూశారు.

"నెత్తికి గంత నూనె వెట్టుకోని, తానం జెయ్యకుంట దిగితె గట్లనే అయితది. పిల్లలకు జర శుభ్రం నేర్పాలె గద అక్కా," అన్నాడు, అందరికీ వినబడేటట్టు.

ఎవరో నవ్వారు. మహిత తల వంచుకుంది. శ్యామలమ్మ పిల్లను పక్కకు తీసుకుపోయింది. బోరు నల్లా తిప్పి పిల్ల కళ్లు చాలాసేపు కడిగింది. వేరే బట్టలు తొడిగి, తడిసిన నీలం గౌను పిండింది. దాని మీద అక్కడక్కడ తెల్లటి మచ్చలు. ఆమె పుట్టింది కూడా రంగులవాళ్ల ఇంట్లోనే. తమ్ముడి ముఖం ఒకసారి చూసి, మచ్చలు లోపలికి పోయేటట్టు గౌను మడిచి సంకలో పెట్టుకుంది.

అది పండరి చూశాడు. చూడకపోతే బాగుండేదనిపించింది.

మిగతావాళ్లు దిగకముందే అన్నాలకు పిలుపొచ్చింది. తింటూ, నీళ్లు ఇంత తెల్లగా ఎట్లా చేశావని బావ వరసాయన సారయ్య అడిగాడు. పండరి పళ్లెం పక్కకు జరిపాడు. చేయి కడుక్కుని వరండాలోకి పోయాడు. అక్కడ శ్యామలమ్మ పిల్లకు పెరుగన్నం తినిపిస్తోంది.

"అక్కా, తప్పు నాదే. మందు ఎక్కువ పడ్డది. పిల్లను ఉత్తగ అన్న," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. "నాకెర్కనే తమ్మీ. అన్నది నలుగురి ముంగట. గిప్పుడేమో మెల్లగ చెప్పవడ్తివి."

పండరి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. తర్వాత పిల్ల చేయి పట్టుకుని లోపలికి నడిచాడు. తింటున్నవాళ్లు తలలెత్తారు.

"మహిత తప్పేం లేదు. కొలవకుంట మందు చల్లింది నేను. ఇయ్యాల ఆ నీళ్లల్ల ఎవ్వరు దిగొద్దు."

సారయ్య పళ్లెంలోకి చూసుకున్నాడు. ఎర్రబడ్డ కళ్లతో మహిత తలెత్తి పండరిని చూసింది.

"పొద్దుగాల నేను తలకు పోసుకోనే వచ్చిన, తాతా," అంది.